పాత నారోబోటు: అడుగు చూసి కొనాలి, తడి చూసి అమర్చాలి

ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మీ దంపతులు 57 అడుగుల పొడవు, 22 ఏళ్ల వయసు ఉన్న నారోబోటును, అంటే ఇక్కడి ఇరుకు కాలువల కోసం కట్టిన సన్నని ఉక్కు పడవను, ఒకదాన్ని చూశారు. లోపలి చెక్కపనిని కొంత ఊడదీసి మీ అవసరాలకు తగ్గట్టు అమర్చుకుని, మొదటి రెండేళ్లు సెలవుల్లో తిరిగి, ఆ తరువాత అందులోనే కాపురం పెట్టాలన్న ఆలోచనలో ఉన్నారు. ఏం చూసి కొనాలి, లోపలి పని ఎక్కడ మొదలుపెట్టాలి, నడపడం ఎంత కష్టం అని అడిగారు. నేను 14 ఏళ్లుగా గ్రాండ్ యూనియన్, ఆక్స్‌ఫర్డ్ కాలువల మీద తిరుగుతున్నాను. మొదటి పడవను తెలియక కొన్నాను, రెండోదాన్ని తెలిసి కొన్నాను. మీ మూడు ప్రశ్నలకూ నా దగ్గరున్న జవాబు దాదాపు ఒకటే. నీరు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేటట్టు చూసుకోగలిగితే నారోబోటు సంరక్షణలో ముప్పాతిక వంతు పని అయిపోయినట్టే. మీరు జతచేసిన ఫోటోలలో వంటగది, తలుపుల మీది గులాబీల బొమ్మలు, ఇత్తడి పట్టీల పొగగొట్టం చక్కగా కనిపిస్తున్నాయి గాని, పడవ అడుగు మాత్రం ఒక్కదానిలోనూ లేదు.

ముందుగా కొలతల సంగతి. మాది గోదావరి జిల్లా. ధవళేశ్వరం లాకులు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి ఇక్కడా లాకు అన్న మాటే వాడతాను. రెండు చివరలా తలుపులున్న తొట్టిలో నీరు నింపి గాని తీసి గాని పడవను ఎక్కించే, దించే కట్టడం అది. 1766లో పని మొదలైన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ మీద ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ సుమారు 7 అడుగుల వెడల్పు గల లాకులను ఎంచుకున్నాడు. ఆ ఒక్క నిర్ణయం వల్లనే మధ్య ఇంగ్లండులోని చాలా కాలువల మీద నేటికీ 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు పడవలే తిరుగుతున్నాయి. పొడవు 70 అడుగులు దాటినవి కూడా ఉన్నాయి గాని, ఉత్తరాన కాల్డర్ అండ్ హెబుల్ వంటి చోట్ల లాకులు పొట్టివి. అందువల్ల 57 అడుగుల పడవ దాదాపు దేశమంతా తిరగగలదని పేరు తెచ్చుకుంది. మీరు ఎంచుకున్న పొడవు సరైనదే, దాని గురించి ఆలోచన పెట్టుకోకండి.

ఇక హల్, అంటే నీటిలో తేలే ఉక్కు ఒడలు, సంగతి. ఆ వయసు పడవలకు సాధారణంగా అడుగురేకు 10 మిల్లీమీటర్లు, పక్కరేకులు 6, క్యాబిన్ గోడలు, పైకప్పు 4 మిల్లీమీటర్ల మందంతో కడతారు. అమ్మేవారు "10, 6, 4" అని చెప్పేది ఇదే. అయితే అవి కట్టిన నాటి అంకెలు. ఈనాటివి తెలియాలంటే పడవను డ్రై డాకులోకి (నీరు తోడేసి పడవను ఆరబెట్టే తొట్టిలోకి) ఎక్కించి గాని క్రేనుతో పైకి లేపించి గాని, సర్వేయరు చేత అల్ట్రాసోనిక్ మీటరుతో మందం కొలిపించాలి. ఆ సర్వేయరును మీరే వెతికి పెట్టుకోండి. అమ్మేవారు సూచించిన మనిషి ఎంత మంచివాడైనా మీకు వద్దు. నివేదిక చేతికి వచ్చాక సగటు మందాన్ని చూసి సంతోషించకండి, కనిష్ఠం ఎక్కడుందో చూడండి. రేకంతా సమానంగా అరిగితే 22 ఏళ్లకు పెద్ద నష్టమేమీ ఉండదు; ఒకేచోట లోతుగా పడే తుప్పు గుంటలే ప్రమాదం. అవి ఎక్కువగా నీటిమట్టం దగ్గర, గాలీ నీరూ కలిసే ఆ బెత్తెడు పట్టీలోనే పడతాయి. 4 మిల్లీమీటర్ల కంటే పలచబడిన హల్‌కు పూర్తి బీమా ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి.

అలా పలచబడిన పడవలకు పాత రేకు మీద కొత్త రేకు అతికి వెల్డింగ్ చేస్తారు. చేసిన మనిషి పనితనం బట్టి అది మంచి మరమ్మతూ కావచ్చు, ముసుగూ కావచ్చు. టన్నుల కొద్దీ బరువు పెరిగి పడవ నీటిలో మరికాస్త దిగుతుంది. అప్పుడు సింకు నీరు బయటికి పోయే రంధ్రాలు, ఇంజను గది గాలిరంధ్రాలు నీటిమట్టానికి దగ్గరవుతాయి. అలాంటి పడవైతే ఆ రంధ్రాలకూ నీటికీ మధ్య ఎంత ఎత్తు మిగిలిందో టేపు పెట్టి కొలవండి.

సర్వేకు ముందే మీరు స్వయంగా చేయగల పరీక్ష ఒకటుంది. డబ్బు ఖర్చు లేదు, టార్చిలైటు చాలు. వెనకవైపు మెట్ల కింద నేలలో ఒక చిన్న చెక్కమూత ఉంటుంది. నారోబోటు వెనక్కి కాస్త వాలి తేలుతుంది గనుక లోపల ఎక్కడ కారిన నీరైనా చివరికి అక్కడికే చేరుతుంది. మూత లేకపోతే, లేదా దాని మీద కార్పెట్ అతికేసి ఉంటే, అనుమానించండి. ఉంటే తీసి, చెయ్యి పూర్తిగా లోపలికి పెట్టి అడుగురేకును తడమండి. పొడిగా, కాస్త దుమ్ముగా తగలాలి. నా మొదటి పడవలో నేను ఆ మూత కొన్న 8 నెలలకు గాని తీయలేదు. తీసేసరికి వేలెడు లోతు నీరు, టీ రంగులో, తడిసిన చెక్క వాసనతో కనిపించింది. రేకు మీద తుప్పు అప్పడంలా పొరలు పొరలుగా లేచి వచ్చింది. హల్‌కు చిల్లు పడిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు స్పాంజితో తోడి ఆరబెట్టి, ప్రతి గొట్టం అతుకు కిందా ఒక పేపరు నాప్కిన్ పరిచి ఉంచాను. రెండో రోజు ఉదయం నీటి పంపు దగ్గరి అతుకు కింద పరిచిన కాగితం ఒక్కటే తడిసింది. ఆ తరువాత గుర్తొచ్చింది, ఏ కుళాయీ తెరవకుండానే రాత్రిళ్లు పంపు ఒక్క క్షణం గుర్రుమని ఆగిపోయేది. అది చేసిన చప్పుడే మాకు హెచ్చరిక. మేము దాన్ని పడవ స్వభావమనుకున్నాము. మీరు పడవ చూడడానికి వెళ్లినప్పుడు పంపు ఆన్ చేయించి, కుళాయిలన్నీ కట్టి, ఒక అరగంట మాట్లాడకుండా కూర్చోండి.

కొన్న తరువాత హల్‌కు చేయవలసింది ప్రధానంగా తారుపూత, ఆనోడ్లు (హల్‌కు బదులు తాము కరిగిపోయి ఉక్కును తుప్పు నుంచి కాపాడే లోహపు దిమ్మలు). ఇక్కడ బ్లాకింగ్ అనే ఆ పూత బిటుమెన్‌ది అయితే రెండు, మూడేళ్లకు ఒకసారి వేయాలి. రెండు డబ్బాల ద్రవాలు కలిపి వేసే టూ ప్యాక్ ఎపాక్సీ అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది గాని, పాత బిటుమెన్ మీద అది పట్టదు; ఇసుకవంటి రవ్వతో కొట్టించి ఉక్కు కనిపించేదాకా శుభ్రం చేయించాలి, ఆ ఖర్చు చిన్నది కాదు. రాబోయే 10 ఏళ్లు ఇదే పడవ మీద ఉంటామనుకుంటే ఎపాక్సీ మంచిది. ఇంకా ఊగిసలాటలో ఉంటే బిటుమెన్ చాలు. ఏది వేసినా ముందు ప్రెషర్ వాష్‌తో నాచు పోగొట్టి, రేకు పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడి తడి రేకు మీద వేసిన పూత మరుసటి వేసవికే పెచ్చులూడుతుంది. అడుగురేకుకు పూత అక్కర్లేదని చాలా యార్డులు వదిలేస్తాయి. నేను ప్రతిసారీ వేయిస్తాను. ఆనోడ్లు మంచినీటిలో మెగ్నీషియంవే ఉండాలి, జింకువి ఉప్పునీటికి. ఇక్కడ ఒక చిక్కుంది. పడవలు కట్టుకునే మెరీనాలో కరెంటు ప్లగ్గు పెట్టగానే ఎర్త్ తీగ ద్వారా మీ హల్ పక్కనున్న పడవలన్నిటితో కలిసిపోతుంది, అప్పుడు మీ ఆనోడ్లు పొరుగువారి పడవను కాపాడడంలో కరిగిపోతాయి. ఎర్త్ తీగలో గాల్వానిక్ ఐసొలేటర్ అనే పరికరం పెట్టించుకుంటే ఆ దారి మూసుకుంటుంది. కొత్త సోఫాకన్నా ముందు కొనవలసినది అది.

లోపలి పని గురించి అడిగారు. పాత చెక్క పలకలు ఊడదీసినప్పుడు వెనక చలి ఆపడానికి ఏం పెట్టారో చూసి ఆగండి. స్ప్రే ఫోమ్ ఉంటే అదృష్టం. రేకుకు అంటుకుని ఉంటుంది కాబట్టి తేమ ఉక్కును తాకదు. థర్మోకోల్ పలకలు ఉంటే కరెంటు తీగలను జాగ్రత్తగా గమనించండి, ఎందుకంటే పీవీసీ తొడుగున్న తీగ థర్మోకోల్‌ను తాకుతూ ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ ఆ తొడుగులోని మెత్తదనం పోయి పెళుసెక్కుతుంది. వాటిని గొట్టంలో నుంచి లాగాలి. రాక్‌వూల్ (రాతినార) ఉంటే తీసి పారేయడమే, అది తడిని పీల్చుకుని రేకుకు తడిగుడ్డ చుట్టినట్టు పట్టి ఉంచుతుంది. నేల కింద నిలకడ కోసం పేర్చిన ఇటుకలు, సిమెంటు పలకలు కూడా అడుగురేకుకు నేరుగా ఆనకుండా, మధ్య గాలి ఆడేటట్టు ఉండాలి. వాటిని తీసినప్పుడు ఎక్కడివక్కడ సుద్దతో గుర్తుపెట్టండి. మేము వాషింగ్ మెషీను, బొగ్గు పొయ్యి, పుస్తకాల అర అన్నీ ఎడమవైపే పెట్టుకున్నాము; పని పూర్తయి తిరిగి నీళ్లలోకి దింపాక చూస్తే గిన్నెలో సాంబారు ఒక పక్కకు వాలి కనిపించింది. నాలుగు సిమెంటు పలకలు కుడివైపుకు మార్చేదాకా నిద్రలో మంచం మీద నుంచి దొర్లుతూనే ఉన్నాము. ముందుభాగంలో నీటిట్యాంకు నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ అర టన్ను తేడా ఉండవచ్చు, కనుక తూకం చూసేటప్పుడు ట్యాంకును సగం నింపి చూడండి. మన పడవవాళ్లు ముక్కును అణియం, తోకను అమరం అంటారు. అమరం కాస్త దిగి, అణియం కాస్త లేచి ఉండడమే సరైన వాలు.

మనవాళ్ల వంటకు పడవలో ఒక ప్రత్యేకమైన బాధ ఉంది. ఇడ్లీ పాత్ర, కుక్కరు, అన్నం, చారు, వీటి ఆవిరి అంతా కలిసి చలికాలంలో ఒక్క సాయంత్రంలో కిటికీ చట్రాల మీద ధారలు కట్టిస్తుంది. పోపు పొగ పోవడానికే కాక ఆవిరి పోవడానికి కూడా పొయ్యికి పైన ఫ్యాను పెట్టించండి. పైకప్పు మీది పుట్టగొడుగు ఆకారపు గాలిగొట్టాలలో చలి వస్తోందని గుడ్డలు కుక్కేవారిని చూశాను. దయచేసి మీరు ఆ పని చేయకండి. గాలి రాకపోతే తడి నిలవడం ఒకటే కాదు, బొగ్గు పొయ్యి నుంచి కార్బన్ మోనాక్సైడు క్యాబిన్‌లో చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. 2019 ఏప్రిల్ నుంచి సొంత పడవలకు కూడా దాని అలారం ఉండాలని పడవల భద్రతను తనిఖీ చేసే బోట్ సేఫ్టీ స్కీమ్ నియమం. ఒకటి పొయ్యి ఉన్న గదిలో, ఒకటి పడుకునే చోట పెట్టండి. పొయ్యి తలుపు చుట్టూ ఉండే తాడు అరిగిందేమో ప్రతి అక్టోబరులో చూడండి. తలుపులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే అది తేలిగ్గా రాకూడదు. చల్లారిందనుకున్న బూడిదను కూడా లోపల ఉంచకండి. బియ్యం మాత్రం బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలోనే పోసుకోండి, గోనెసంచిలో రెండు వారాలకే ముక్కిపోతాయి.

కరెంటు విషయంలో చాలామంది ముందు సోలార్ పలకలు కొంటారు, ఆ తరువాత లెక్క వేస్తారు. లెక్క ముందు వేయండి. ఫ్రిజ్, దీపాలు, పంపు, రెండు ల్యాప్‌టాప్‌లు కలిపి రోజుకు 100 నుంచి 120 ఆంపియర్ అవర్లు 12 వోల్టుల మీద ఖర్చవుతాయని మా అనుభవం. సీసం బ్యాటరీలను సగం కన్నా కిందికి దించితే ఆయుష్షు తగ్గుతుంది గనుక 440 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు ఉన్నా మీరు వాడుకోగలిగింది 220 మాత్రమే, అంటే రెండు రోజులు. లిథియం బ్యాటరీలు ఇంకా లోతుగా వాడుకోవచ్చు గాని, వాటిని సున్నా డిగ్రీల కంటే చలిలో చార్జి చేయకూడదు. పైగా ఇంజను ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే అవి దాన్ని వేడెక్కించి కాల్చేయగలవు, మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ తప్పనిసరి. సోలార్ జూన్‌లో దాదాపు అన్నిటికీ సరిపోతుంది, డిసెంబరులో దాని మీద ఆశ పెట్టుకోకండి. ఇక తీగల మందం. వెనకనున్న బ్యాటరీ నుంచి 10 మీటర్ల దూరంలో ఉన్న ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోను రాను 20 మీటర్లలో సుమారు 0.7 వోల్టు దారిలోనే పోతుంది, ఫ్రిజ్ తెల్లవారుజామున ఆగిపోతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.2 లోపే. బ్యాటరీలు పాడయ్యాయని మార్చినవారిలో కొందరు మార్చవలసింది ఆ తీగనే.

గ్యాసు పని మీరు చేయకండి. పడవల మీద పనిచేయడానికి అర్హత ఉన్న, గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉన్న మెకానిక్ చేతనే చేయించండి. సిలిండరు మాత్రం ప్రొపేన్‌దే తీసుకోండి, బ్యూటేన్ గడ్డకట్టే చలిలో ఆవిరి కాదు. మరుగుదొడ్డికి క్యాసెట్ (బయటికి తీసి ఖాళీ చేసే పెట్టె ఉన్న రకం) చాలు, రెండు క్యాసెట్లు ఉంచుకోండి. కంపోస్టు రకం వాడేవారు దాని గొప్పలు చెబుతారు గాని, ఆ వ్యర్థాన్ని ఇక్కడి కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చెత్తకుండీలలో వేయనివ్వరు కాబట్టి ఎక్కడ పోస్తామన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఇంజను డీజిల్‌ది. 250 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చడం, గంటలను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టడం అలవాటు చేసుకోండి. బ్యాటరీల కోసం ఇంజనును గట్టున కట్టి, భారమేమీ లేకుండా గంటల తరబడి తిప్పడం దానికి మంచిది కాదు. పక్కన ఇతరులు ఉన్నప్పుడు రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు నడపకూడదు కూడా. శీతాకాలానికి ముందు డీజిల్ ట్యాంకును నిండుగా ఉంచితే లోపలి ఖాళీలో తేమ పట్టదు. డీజిల్ కింద నీరు నిలిస్తే అందులో పెరిగే సూక్ష్మజీవులు నల్లటి జిడ్డుగా మారి ఫిల్టరును మూసేస్తాయి.

పడవను నెట్టే పంకా (ప్రొపెల్లర్) ఇరుసు హల్ గుండా బయటికి వెళ్లే చోట ఉండే స్టెర్న్ గ్లాండును రోజూ పలకరించాలి. దాని పక్కన ఇత్తడి గ్రీజు డబ్బా ఉంటుంది. పడవ కట్టేసిన ప్రతి సాయంత్రం దాని పిడిని చేతికి బిగువు తగిలేదాకా ఒకటి రెండు చుట్లు తిప్పండి, బొట్లు ఆగిపోతాయి. ఎన్నిసార్లు తిప్పినా కారుతుంటే దాని రెండు నట్లనూ సమానంగా, నట్టు ఒక్కొక్క పక్క మేర చొప్పున, కొద్దికొద్దిగా బిగించండి. నడిచాక ఇరుసు చేయి కాలేంత వేడెక్కితే ఎక్కువ బిగించారని అర్థం. దానికి కొద్ది దూరంలోనే వీడ్ హాచ్ ఉంటుంది, పంకాకు చుట్టుకున్నది తీయడానికి పైనుంచి చెయ్యి పెట్టే పెట్టె. సౌత్‌హాల్ దగ్గర కాలువలో పూజల కొబ్బరికాయలు తేలుతూ కనిపిస్తాయి. ఆ దారిలో ఒకసారి చుక్కాని బరువెక్కి, పొగ నల్లబడి, పడవ ఆగిపోతే, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, చన్నీళ్లలో భుజం దాకా చెయ్యి పెట్టి, బ్రెడ్డు కోసే రంపపు కత్తితో ముప్పావు గంట కోస్తే బయటపడింది జరీ అంచు చీర ముక్క. తాళంచెవి మీ జేబులో లేకుండా ఆ పెట్టెలో చెయ్యి పెట్టవద్దు. తిరిగి మూత వేశాక బిగింపు లాగి చూడండి. మూత సరిగా పడకుండా ఇంజను వేస్తే పంకా నీటిని నేరుగా లోపలికి ఎగజిమ్ముతుంది, పడవలు మునగడానికి ఇదొక కారణం.

నడపడం కష్టమా అంటే, తిన్నగా పోవడం అరగంటలో వస్తుంది. ఆపడానికి ఒక నెల పడుతుంది. దీనికి బ్రేకులు లేవు, రివర్సు గేరు మాత్రమే ఉంది, రివర్సులో చుక్కాని దాదాపు పనిచేయదు. గరిష్ఠ వేగం గంటకు 4 మైళ్లు, నిజానికి 3 దాటరు. కట్టి ఉన్న పడవల పక్క నుంచి పోతున్నప్పుడు ఇంజను అతి తక్కువలో పెట్టండి, లేకపోతే మీ వెనకలాగుడుకు వారి మేకులు గట్టులోనుంచి ఊడివస్తాయి. ఎదురుగా పడవ వస్తే కుడివైపుకు తప్పుకోవాలి. రోజు ప్రయాణం అంచనాకు పాత లెక్క ఒకటుంది: మైళ్లూ లాకులూ కలిపి 3తో భాగించాలి. 12 మైళ్లు, 9 లాకులు ఉంటే 7 గంటలు. కొత్తవారు ఇద్దరే ఉన్నప్పుడు రోజుకు 5 గంటలు చాలు.

లాకుల్లో ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం, చూడడానికి మాత్రం తేలికగా ఉంటుంది. పైతలుపుల కింద రాతి గడప ఒకటి లోపలికి చొచ్చుకుని ఉంటుంది. నీరు నిండి ఉన్నంతసేపు అది కనిపించదు, దాని హద్దును లాకు గోడ మీద తెల్లగీతతో గుర్తు పెడతారు. పడవ వెనకభాగం ఆ గీతకు ముందే ఉండాలి. ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద నాప్టన్ లాకుల్లో రెండో ఏడాది మా పడవ గేరులో లేకుండా మెల్లగా వెనక్కి జారింది. నేను కింది తలుపులో నీటిని వదిలే పలకను, అంటే పాడిల్‌ను ఎత్తి, దాన్ని తిప్పే పిడి విండ్‌లాస్‌ను చేతిలో పట్టుకుని, వంతెన మీద ఎవరితోనో మాట్లాడుతున్నాను. చుక్కాని పట్టుకున్న మా ఆవిడ కేక వేసేసరికి చుక్కాని అడుగు గడప మీద ఆనింది, నీరు దిగుతున్నకొద్దీ ముక్కు కిందికి వాలుతోంది. వంటగదిలో పళ్లాలు జారిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది. అప్పుడు చేయవలసింది ఒక్కటే: కింది పాడిళ్లు వెంటనే దించేయాలి, ఆ తరువాత పైపాడిల్‌ను కొంచెం కొంచెంగా ఎత్తి నీరు నింపాలి. గాభరాపడి పూర్తిగా ఎత్తితే వచ్చే నీటి వడి పడవను ఇంకో రకంగా కొడుతుంది. అప్పటి నుంచి మా నియమం ఏమిటంటే, పాడిల్ దగ్గర ఉన్న మనిషి పడవను చూస్తూ ఉండాలి, మాటలు లాకు దాటాక. దిగేటప్పుడు తాడును గట్టు మీద గుంజకు ముడివేయడం కూడా నిషేధం. నీరు దిగినా పడవ తాడుకు వేలాడి ఒరిగిపోతుంది. ఎక్కేటప్పుడు నేలలో ఉన్న పాడిళ్లు ముందు, తలుపు పాడిళ్లు తరువాత తీయాలి, లేకపోతే ముక్కు మీది డెక్కు మీదికి జలపాతం పడుతుంది.

కాపురం పెట్టే ఆలోచన గురించి ఒక మాట. ట్రస్ట్ లైసెన్సుకు బీమా, నాలుగేళ్లకొకసారి తీసుకోవలసిన బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. మీరు చూసిన పడవకు దాని గడువు ఎప్పటిదాకా ఉందో ఈ వారమే అడగండి. సొంత రేవు లేకుండా తిరుగుతూ ఉండేవారు 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదు, రెండు వంతెనల మధ్య ముందుకూ వెనక్కూ జరిగితే దాన్ని ప్రయాణంగా లెక్కించరు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లవలసిన మీకు అది మొదటి చలికాలంలోనే భారమవుతుంది. రేవు ముందు చూసుకుని, ఆ తరువాత పడవ కొనండి. పడవ ధరలో పదో వంతైనా కొన్న ఏడాది మరమ్మతులకు పక్కన పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

మొదటి ప్రయాణానికి మీ ఊరే అనుకూలం. ఫెన్నీ స్ట్రాట్‌ఫర్డ్ నుంచి కాస్‌గ్రోవ్ వరకు మిల్టన్ కీన్స్ చుట్టూ ఒక్క లాకూ లేదు. మలుపులు, ఆగడం, గట్టున కట్టడం అక్కడ నేర్చుకోండి. పడవ తిప్పుకోవడానికి కాలువ వెడల్పు చేసిన చోట్లుంటాయి, వాటిని విండింగ్ హోల్ అంటారు. ఇంగ్లిషులో గాలికి వాడే విండ్ అనే మాటలాగే పలకాలి, తప్పు పలికితే ఇక్కడివారు నవ్వుకుంటారు. ఆ తరువాత ఔస్ నది మీది ఇనుప తొట్టి వంతెన, కాస్‌గ్రోవ్ దాటాక స్టోక్ బ్రూర్న్‌లో 7 లాకులు, దాని పైన 1805లో తెరిచిన బ్లిస్‌వర్త్ సొరంగం. 2,800 మీటర్ల ఆ చీకటిలో గాలిగుంతల కింద నెత్తిన నీళ్లు ధారగా పడతాయి కాబట్టి ఎండాకాలమైనా రెయిన్‌కోటు వేసుకోండి. ఎదురుపడవ వస్తే దాని దీపాన్ని చూడకుండా మీ కుడిగోడను చూస్తూ నడపండి.

నవంబరులో కుళాయిలన్నీ తెరిచి, పంపు ఆపి, వేడినీటి ట్యాంకు, గొట్టాలు పూర్తిగా ఖాళీ చేయండి. షవర్ మిక్సర్‌ను మరవకండి, మా మొదటి చలికాలంలో పగిలింది అదే. నవంబరు నుంచి మార్చి దాకా ట్రస్ట్ లాకుల మరమ్మతులకు దారులు మూస్తుంది కాబట్టి వారి జాబితా చూసి గాని బయలుదేరవద్దు. మంచు పేరుకున్న కాలువలో నడపకండి, ఆ పలకలు నీటిమట్టం దగ్గరి తారుపూతను గాజుముక్కలా గీకేస్తాయి. మీ సర్వే నివేదిక వచ్చాక మందం అంకెలున్న పేజీ, నీటిమట్టం దగ్గర తీసిన ఫోటోలు చూపించండి. బిటుమెన్ వేయించాలా, ఎపాక్సీకి పోవాలా, అసలు ఆ పడవను వదిలేయాలా అన్నది వాటిని చూసి చెబుతాను.